మడమ మీది మొక్కు

ధర్మవరంలో మగ్గం నేసే మార్కండేయ మడమ ట్రాక్టర్ కింద నలిగింది. బయటపడిన ఎముక మీదికి డాక్టర్ షీరీన్ పిక్క నుంచి చర్మం, కండ తిప్పి అతికించింది. కాలు దక్కింది. చివరి కట్టు విప్పిన రోజే అతను పీర్ల పండగకు నిప్పుల గుండం తొక్కుతానన్నాడు.

“ఆరు గంటలు నిలబడి అతికిస్తే, కాల్చుకుంటావా?” అంది షీరీన్.

“కాలు దక్కితే తొక్కుతానని మొక్కుకున్న్యా మేడమ్. దక్కె కదా!”

“బాగుండే కాలితో కుంటుకుంటా పో.”

“దాని కోసం మొక్కలేదే!”

“ఆ చర్మానికి స్పర్శ ఉండదప్పా. కాలినా తెలీదు.”

“అయితే ఇంకా మేలు.”

షీరీన్ లేచి తలుపు వేసి వచ్చింది.

“ఆపరేషనైన మూడో రోజు ఆ కండ నల్లబడినప్పుడు నేనూ అదే మొక్కినా,” అంది. “ఎన్ని అడుగులుంటాదప్పా ఆ గుండం?”