దూడ మెడలో చక్కెర పేరు

సత్తమ్మ చక్కెర పాకం పోసేటప్పుడు ఎవరూ నోరు మెదపకూడదు.

చెక్క అచ్చు ఆమె అత్తగారిది. పాకం పట్టే పద్ధతీ అత్తగారిదే. నోరు మాత్రం సత్తమ్మ సొంతం.

తెల్లవారితే కాముని పున్నమ. పసివాడి మొదటి హోలీకి అమ్మమ్మ చక్కెర పేరు తెచ్చి మెడలో వెయ్యాలి. పేరంటే దారానికి పట్టిన చక్కెర బిళ్ళల దండ.

సత్తమ్మ మనవడికి అమ్మమ్మ లేదని మంచిర్యాలలో సగం మందికి తెలుసు. చెప్పింది సత్తమ్మే.

ఆ పొద్దున కోడలు నర్మద తన తల్లి గురించి ఒక్క మాట అడిగింది.

“అత్తా, మా అవ్వను తల్చుకొని నేనొక దండ పోస్త.”

“సచ్చినోళ్ళు దండలు తెస్తరా? పోయి బట్టలు పిండుకరా.”

నర్మద మూట ఎత్తుకుని గోదారికి వెళ్ళింది. ఏడుపు ఆపుకోవడం ఆమెకు ఆ ఇంట్లో బాగా అలవాటైంది.

కాసేపటికి దడి దగ్గర ఒక ఆడమనిషి నిలబడింది. చేతిలో మోదుగాకు పొట్లం. సత్తమ్మ కంటే చిన్నదే అయి ఉంటుంది, కానీ ఎండకు కమిలి ముసలిదానిలా ఉంది.

“అక్కా, పిలగానికి చక్కెర పేరు తెచ్చిన.”

“అమ్ముకునేటోళ్ళు బజార్ల తిరగాలె. ఇండ్లకు రావద్దు.”

“పైసలొద్దక్కా.”

సత్తమ్మ గంటె ఆపింది. ఊరికే ఇచ్చేవాళ్ళు ఉంటారని ఆమెకు ఊహలో కూడా తట్టదు.

అచ్చు అడిగి తీసుకుపోదామని వచ్చిన పక్కింటి కమలవ్వ పొట్లం విప్పింది. బిళ్ళలు వంకరటింకరగా ఉన్నాయి. తడిగుడ్డ మీద దారం పరిచి, పాకం పోసి, బొటనవేలితో ఒత్తినవి. ప్రతి బిళ్ళలో వేలి గుంట, ఆ గుంటలో అడ్డంగా ఒక గీత.

“గీ గీత ఏందే? పాకం పట్టరాదు గని దానం చేస్తానికి వచ్చినవా?” అంది సత్తమ్మ.

“మా ఇంట్ల అచ్చు లేకుండె అక్కా.” ఆమె కుడిచేతిని కొంగులో దాచుకుంది.

“తీసుకోరాదు సత్తమ్మా,” అంది కమలవ్వ. “పిలగానికి తల్లి తరపోళ్ళు ఎవలు లేకపాయె.”

“లేకుంటేనే నయం. రజాకార్ల లొల్లిల నా కోడలి తల్లి పిల్లను తమ్మునికి అప్పజెప్పి, సరిహద్దు దాటి చాందా దిక్కు పోయింది. ఆడనే సచ్చిందని ఆ తమ్ముడు చెప్పిండు. బతికుంటే దాని బిడ్డను నా ఇంటికి తెత్తునా? ఒక్కతే ఎవలెవలతోని తిరిగిందో ఎవలకెరుక.”

వచ్చినామె పసివాడి ఉయ్యాల వైపు తిరిగింది.

“ఒక్కసారి పిలగాని మెడల ఏసి తీస్త అక్కా. ఎంటనే పోత.”

“మందేమన్న పెట్టినవో ఏమో. ముందుగాల మా దూడ తినాలె. అది బతికితే సూద్దాం.”

సత్తమ్మ లేచి, ఆ దండను దూడ మెడకు కట్టింది. తన తెలివికి తానే మురిసిపోయింది. కమలవ్వ కూడా నవ్వింది, అచ్చు కావాలి కదా.

దూడ మెడ తిప్పి బిళ్ళలు నాకుతుంటే వచ్చినామె అలాగే చూసింది. ఉయ్యాల వైపు ఇంకోసారి చూసి, స్టేషన్ దారి పట్టింది.

నర్మద వచ్చేసరికి దూడ మెడలో దారం, దానికి ఒకే ఒక్క బిళ్ళ మిగిలాయి.

ఆమె ఆ బిళ్ళను పట్టుకుని చూసింది. మూట కింద పడింది.

“ఇది ఎవలు తెచ్చిన్రు అత్తా?”

“ఎవతో పిచ్చిది. పైసలు సుత అడగలే.”

“కుడిచెయ్యి సూసినవా?”

“కొంగుల దాసుకున్నది. ఏం రోగమో. గంట అయితాంది పోయి.”

చాందా పోయే రైలు బండి కూత అప్పుడే వినిపించింది. నర్మద దడి దాకా పరుగెత్తి ఆగిపోయింది. బండి కదిలిన చప్పుడు దూరమవుతోంది.

వెనక్కి వచ్చి, బిళ్ళ కడిగి, దారంతో సహా కొడుకు మెడలో వేసింది.

“దూడ ఎంగిలి పిలగానికి ఏస్తవా? తియ్,” అంది సత్తమ్మ.

నర్మద మొదటిసారి ఆమె మాట వినలేదు. బిళ్ళలోని గీత మీద వేలు పెట్టి, నెమ్మదిగా చెప్పింది.

“కొడవలితోని తెగి మా అవ్వ బొటనేలుకు పడ్డ గీత ఇది అత్తా, నా కొడుకుకు అమ్మమ్మ ఉన్నది.”