దగ్గు తాత

వేదిక మీద అక్క సరిగ్గా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి వెనక వరసలో ముసలాయన దగ్గడం మొదలుపెట్టాడు.

ఖళ్ళు ఖళ్ళుమని, ఆపకుండా.

హాలంతా గొల్లున నవ్వింది. అక్క గుక్కెడు మంచినీళ్ళు తాగింది. మళ్ళీ మొదలెట్టేసరికి ఆవేశం చల్లారిపోయింది.

"ఈ దేశానికి ఈ గతి పట్టించినవాడు..." అంటూ ప్రతి సభలోనూ అక్కడిదాకా వస్తుంది. ఆ తర్వాత రావలసింది పాలకుడి పేరు.

ఆయన్ని పేరు పెట్టి తప్పుపడితే జైలే. అందుకే ప్రతిపక్షం వాళ్ళంతా 'పైనున్నాయన', 'ఆ కుర్చీలో ఆయన' అంటూ డొంకతిరుగుడుగా నెట్టుకొస్తున్నారు. ముందు వరసలో పోలీసాయన ఒళ్ళో రికార్డరు పెట్టుకుని కూర్చుంటాడు మరి.

ఆవేశమొస్తే అక్కకు నోరు ఆగదు. వాళ్ళ నాన్నకూ ఆగేది కాదు. ఆయన జైల్లోనే పోయాడు.

"ఆ దగ్గు తాత పోలీసుల మనిషే అక్కా," అన్నాడు ఆమె తమ్ముడు. సభల ఏర్పాట్లన్నీ అతనివే.

"పోనీలేరా. పెద్దవాడు, దగ్గు రాదా?"

"నువ్వు పేరు దాకా వచ్చినప్పుడే వస్తుందా? నీళ్ళు నములుతోందని జనం నిన్ను చూసి నవ్వుతున్నారు."

తర్వాతి సభకు తమ్ముడు ముసలాయన్ని గుమ్మంలోనే ఆపేశాడు.

"లోపలికి పోనీ బాబూ. ఓ మూల నిలబడతా."

"ఇంటికెళ్ళి తీరిగ్గా దగ్గుకో తాతా!"

రెక్క పట్టుకుని మెట్ల కిందికి నెట్టి తలుపేశాడు.

ఆ రోజు అక్క ఆ మాట దాకా వచ్చి, అలవాటు కొద్దీ ఆగింది. దగ్గు రాలేదు.

తమ్ముడికి ఉండబట్టలేదు. జనం మధ్యలోంచి గొంతు చించుకున్నాడు.

"పేరు చెప్పు!"

"పేరు చెప్పు! పేరు చెప్పు!" హాలంతా అందుకుంది.

అక్క చెప్పేసింది.

చప్పట్లు ఆగకముందే ఆమెను తీసుకుపోయారు. ముందుగా అరిచి రెచ్చగొట్టినవాడి కోసమూ వెతికారు. ఆ వీరుడు స్నేహితుడి ఇంట్లో మంచం కింద దూరాడు.

తెల్లారి అక్క వకీలు ఫోన్ చేశాడు.

"ఇక బయటికి రా. అరిచింది తనేనని ఎవరో ముసలాయన స్టేషన్‌కొచ్చి ఒప్పుకున్నాడు. అదే, దగ్గు తాత అంటారే."

"ఆయన హాల్లోనే లేడు కదండీ!"

"వాళ్ళకో మనిషి కావాలి, దొరికాడు. నువ్వు నోరు మూసుకో."

తమ్ముడు మూసుకున్నాడు. సిగ్గుతో అన్నం దిగలేదు, కానీ నోరు మాత్రం తెరవలేదు.

ఉండలేక వాకబు చేసుకుంటూ తాత అద్దె గదికి వెళ్ళాడు. ఇంటావిడ తీగ మీది ఆయన బట్టలు తీసి మడతపెడుతోంది.

"తాతగారికి దగ్గు మందేమైనా పంపాలా అమ్మా?" అని నసిగాడు.

"దగ్గా? ఆయనకా? మా ఇంట్లో ఒక్కనాడూ దగ్గలేదు నాయనా!"

తమ్ముడు తల దించుకున్నాడు.

"వెళ్తూ నవ్వాడు కూడా. 'అరిచింది నేనేనమ్మా, ఒప్పుకోవడమే ఆలస్యమైంది' అన్నాడు."

"ఆ అరిచింది ఆయన కాదమ్మా..." అన్నాడు తమ్ముడు.

"ఈ అమ్మాయి సభలో కాదయ్యా," అందావిడ. "ఎప్పుడో వాళ్ళ నాన్న సభలో, అందరికన్నా ముందు 'పేరు చెప్పు!' అని అరిచింది ఆయనేనట."