రెండు పొరల మధ్య

"బాబాయ్, కొత్తగా వచ్చిన మేనేజరు మేడమ్ ఇవాళ మీ లిఫ్టులోనే దిగుతున్నారు," గుసగుసగా చెప్పింది టికెట్ కౌంటర్ అమ్మాయి. "మీరు చెప్పేది నచ్చకపోతే రేపట్నుంచి మీ బదులు రికార్డింగు పెట్టేస్తారట."

రాళ్ళ బాబాయి చొక్కా సర్దుకున్నాడు. మూతపడ్డ గనిని మ్యూజియం చేసిన రోజు నుంచీ అక్కడ గైడు ఆయనే. ఈ ఉద్యోగం పోతే ఇంకోచోట ఎవరూ ఇవ్వరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, రోజూ చెయ్యి పట్టుకుని గేటు దాకా దిగబెట్టే భార్యకీ తెలుసు. ఈ వయసులో ఆ చేతులు పట్టుకోవడాలేంటని తోటివాళ్ళు ఏడిపిస్తుంటారు. పెళ్ళాం ముద్దు మరి అని ఆయనా నవ్వేస్తుంటాడు.

లిఫ్టులో మేడమ్‌తో పాటు ఒక జంట ఎక్కింది. చుట్టూ అద్దాలు. అద్దాల అవతల నిలువునా కోసిన రాయి.

"కిందికి దిగేకొద్దీ కాలం వెనక్కి పోతుందండీ," మొదలెట్టాడు బాబాయి. "పైనున్నది నిన్నమొన్నటి ఏటి ఇసుక. దాని కిందిదేమో..."

లిఫ్టు గబుక్కున ఆగిపోయింది.

"అమ్మో! ఇదేంటి!" కెవ్వుమంది జంటలో ఆవిడ. "నే రానంటే విన్నారా? ఫోన్లు కూడా పైనే పెట్టించేశారు!" అంటూ మొగుడి మీద విరుచుకుపడింది.

"భయం లేదమ్మా. మోటారు వేడెక్కితే అప్పుడప్పుడూ ఇలా మొరాయిస్తుంది." బాబాయి గంట తాడు లాగాడు. పైనెక్కడో గంట మోగింది.

అన్నాడే గానీ లోలోపల తిట్టుకున్నాడు. ఇవాళే ఆగాలా ఈ దిక్కుమాలిన లిఫ్టు! పైకి పోలేరు, కిందికి పోలేరు. లోపల ఉక్కపోత మొదలైంది. ఆవిడ రొప్పడం వినిపిస్తోంది.

"ఆగిన చోటు మంచిదేనండీ," అంటూ బాబాయి వేలు చాపి చూపించాడు. "ఇదిగో, ఈ తెల్ల పొర. సున్నపురాయి. ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేదన్నమాట. ఈ మూల చూడండి, చుట్టలు తిరిగిన గుల్ల."

"ఎక్కడ? నాకేం కనబడ్డం లేదు!"

"కొత్తలో ఎవరికీ కనబడదమ్మా. తేరిపార చూడండి."

ఆవిడ ఠక్కున నోరు మూసుకుంది.

"ఏవండీ, అసలిక్కడ..." అని ఆవిడ భర్త అందుకోబోయాడు.

"ఆయన్ని చెప్పనివ్వండి," అంది మేడమ్ కటువుగా. "దాని కిందేముంది బాబాయిగారూ?"

పరీక్ష మొదలైందన్నమాట! బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"కింద నల్ల పొర. గట్టిపడిన బురద. సముద్రం రాకముందు ఇక్కడ చిత్తడి అడవి. ఆ ఆకు చూడండి, ఈనెలతో సహా ఎలా ఉందో! పక్కన ఆ చిన్న గుంటలున్నాయే, అవి వాన చినుకులు. ఏదో ఒక రోజు జల్లు పడి వెలిసింది. పైన బురద కప్పేసింది. మనిషి పుట్టకముందు కురిసిన వానండీ అది. పైన పడున్నవన్నీ కుళ్ళిపోయాయి, ఇరుక్కున్నవే మిగిలాయి."

"అంటే మనం కూడా ఇలాగే..." అంది ఆవిడ.

"రాయి కావడం అంత తేలికా తల్లీ! లక్షల ఏళ్ళు పడుతుంది. మన మెకానిక్ అంత బద్ధకస్తుడు కాదులే, అన్నం తిని వచ్చేస్తాడు."

ఆవిడ ఫక్కున నవ్వింది. కాసేపాగి, "అవునండీ, ఆకు కనబడుతోంది," అంది మెల్లగా.

"చినుకులు కూడా," అన్నాడు భర్త.

బాబాయికి ఏనుగెక్కినంత సంబరమైంది. ఇక ఆయన నోటికి అడ్డే లేదు. అగ్నిపర్వతం బూడిద, ఎండిపోయిన చెరువు, అందులో చేప, అన్నీ వరసగా చూపించాడు. ముగ్గురూ ఊ కొడుతూనే ఉన్నారు.

లిఫ్టు కప్పు మీద అడుగుల చప్పుడైంది. మేడమ్ ఆయన చెయ్యి పట్టుకుంది.

"రికార్డింగు వద్దు బాబాయిగారూ. రేపట్నుంచి కూడా మీరే చెప్పండి."

బాబాయి కళ్ళు తుడుచుకుంటూ రెండు చేతులూ జోడించాడు.

కప్పు మీది మూత లాగి మెకానిక్ వేసిన టార్చి సూటిగా కళ్ళలో పడినా బాబాయి రెప్ప ఆర్పలేదు. తొంగిచూశాడు మెకానిక్: "అయ్యయ్యో, కరెంటు పోయినప్పట్నుంచీ ఈ చిమ్మచీకట్లోనే ఉన్నారా అందరూ?"