ఇంకొక్క హిట్

ఇంకొక్కటి కొడితే రెండువేల హిట్లు. కొట్టకపోతే పంతొమ్మిదివందల తొంభైతొమ్మిది దగ్గరే అరిసాకా బ్యాట్ అటకెక్కుతుంది. బేస్‌బాల్ సీజన్‌లో ఇదే ఆఖరి ఆట, ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, స్కోరు సమానం. అతనికి నలభై రెండేళ్ళు. రేపటి నుంచి అతను ఆటగాడు కాదని నెల కిందటే పేపర్లు రాసేశాయి.

మోకాలికి కట్టు బిగిస్తూ ట్రైనర్ ఫుకాయా, "ఈ కాలికి మీకంటే రెండేళ్ళ ముందే సన్మానం చేసి పంపేయాల్సిందండీ" అన్నాడు. అరిసాకాకి నవ్వే ఓపిక కూడా లేదు. ఆ తొంభైతొమ్మిది దగ్గర ఆగిపోయి పదకొండు ఆటలైంది. హిట్ పడగానే చేతికివ్వాలని క్లబ్బువాళ్ళు రోజూ కొత్త పూలగుత్తి తెచ్చి బకెట్లో పెడుతున్నారు. ఆట అయ్యాక అది క్యాంటీన్ వంటావిడ ఇంటికి పోతోంది. ఆవిడింట్లో రోజూ పెళ్ళేనని జట్టులో వాళ్ళు చాటుగా జోకులేసుకుంటున్నారు.

అరిసాకా బ్యాట్ పట్టుకుని నిలబడగానే స్టాండ్లలో బాకాలు, డప్పులు మిన్నంటాయి. మొదటి బేస్ మీద తమ రన్నర్ ఉన్నాడు, ఇంకా ఎవరూ ఔట్ కాలేదు. అలవాటుకొద్దీ బెంచీ వైపు చూశాడు. ఈ జట్టులో ఏ బంతి ఎలా ఆడాలో చెప్పే సంజ్ఞలు, జట్టును ఆడించే మేనేజర్ మినేగిషి స్వయంగా ఇస్తాడు.

మినేగిషి టోపీ అంచు పట్టుకుని కిందికి లాగాడు. తర్వాత అరచేత్తో ముఖం తుడిచాడు.

టోపీ, తర్వాత ముఖం. అంటే బంట్.

బంట్ అంటే బ్యాట్ ఊపకూడదు, బంతికి అడ్డం పెట్టి మెల్లగా నేల మీద పడేయాలి. రన్నర్ రెండో బేస్‌కి చేరతాడు, కొట్టినవాడు ఔటవుతాడు. అది హిట్ల లెక్కలోకి రాదు. జట్టు ఎలాగూ అట్టడుగున ఉంది, ఈ ఆట గెలిచినా ఒరిగేదేమీ లేదు. కానీ మినేగిషి అంటే అంతే. ఒక్క రన్నర్ ముందుకు జరుగుతాడంటే కన్నతండ్రి చేతైనా బంట్ కొట్టిస్తాడని లీగంతా చెప్పుకుంటుంది. ఒకప్పుడు ఇద్దరూ జట్టు హాస్టల్లో ఒకే గదిలో పడుకున్నవాళ్ళు. ఈ ఒక్కరోజైనా కనికరించకూడదా అనుకున్నాడు అరిసాకా.

చూడనట్టు నటించి బ్యాట్ ఊపేయొచ్చు. ఎవరూ ఏమీ అనరు. మూడో బేస్ వైపు స్టాండ్లో అతని భార్య రెండు చేతులూ జోడించుకుని కూర్చుని ఉంది. కానీ ఇరవై రెండేళ్ళలో అతను ఒక్క సంజ్ఞ కూడా దాటి ఎరగడు. బంతి రాగానే చేతులు వాటంతటవే బ్యాట్ మీద జారాయి.

బంట్ ముచ్చటగా పడింది. ఆ మోకాలితో అతను మొదటి బేస్ వైపు సగం దూరం కుంటేసరికే ఔటైపోయాడు. బాకాలు ఆగిపోయాయి. తర్వాత వచ్చినవాడు గట్టిగా ఒకటి బాదాడు, రన్నర్ పరుగు పూర్తి చేశాడు, జట్టు గెలిచింది. ఒక్కడూ గంతులేయలేదు.

ముఖం పాలిపోయి మినేగిషి అతని దగ్గరకొచ్చాడు. "ఎంత పని చేశావు అరీ" అన్నాడు.

అరిసాకా హెల్మెట్ తీసి బెంచీ మీద పెట్టాడు. కోపం తెచ్చుకోవడానికైనా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి కదా. "మీరు చెప్పిందే చేశానండీ. టోపీ, ముఖం. నా కళ్ళతో చూశాను" అన్నాడు.

మినేగిషి హెల్మెట్ పక్కనే బెంచీ మీద కూలబడ్డాడు.

"అది సంజ్ఞ కాదురా. నిన్ను బ్యాట్‌తో ఆ చోట రేపట్నుంచి చూడలేను కదా అని ఏడుపొచ్చింది. కెమెరాలకు దొరక్కూడదని టోపీ లాక్కుని కళ్ళు తుడుచుకున్నాను."