విప్పని ఉత్తరం

సరిహద్దు కొండల్లో ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి జవాను నరేందర్, గద్వాలలో చీరలు నేసే వసంత ఉత్తరాలే రాసుకునేవారు. అతను కాల్పుల్లో చనిపోయిన నెలకు, అతని అక్క జయశ్రీ ధరూర్ నుంచి వచ్చి, తమ్ముడి పెట్టెలో దొరికిన ఉత్తరాల కట్టను మగ్గం మీద పడేసింది.

"నీ ఉత్తరాలు నువ్వే ఉంచుకో. ఆఖరుది మా తమ్ముడు విప్పనే లేదు."

అందులో తను ఏం రాసిందో వసంతకు గుర్తుంది. 'ఇంట్ల వేరే సంబంధం ఖాయం చేసిన్రు. నేను ఒప్పుకున్న. ఇంక నాకు రాయకు.'

ఎల్లుండే ఆ పెళ్లి.

ఆ రాత్రి తల్లి నిద్రపోయాక వసంత ఆ ఉత్తరాన్ని కాల్చేయబోయింది. కవరు అతికించింది అతికించినట్టే ఉంది. అతను చదవకుండానే పోయాడన్న ఊరటతో, ఒక్కసారి చూసుకుందామని చింపింది. ఆమె అక్షరాల కింద నరేందర్ చేతిరాతలో ఒక వాక్యం ఉంది.

'పెళ్లికి తప్పకుండ వస్త.'

తడి సిరా ఆమె వేలికి అంటింది.

వీధిలో కుక్కలు ఒక్కసారిగా మొరగడం ఆపాయి. వసంత ఊపిరి బిగబట్టి విన్నది. ఏ అలికిడీ లేదు.

లోపలి గదిలోంచి తల్లి నిద్రమత్తులో కసురుకుంది.

"గా పిలగాన్ని బూట్లు విప్పి రమ్మనవే. ఇల్లంత మట్టయితుంది."