కుర్రాడి ఎడమచెయ్యి

“మూడేళ్ళా! ఆ కుర్రాడికా! మూడు నెలలు కూడా ఎక్కువే!” అంటూ గడియారాల మెకానిక్ కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి బల్లమీద పెట్టాడు.

ఆయన భూతద్దం తీశాడంటే ఆ పూటకి పని మూలపడ్డట్టే. బల్లకి అవతల కూర్చున్న ఇద్దరూ స్టూళ్ళు దగ్గరికి జరుపుకున్నారు. ఒకరు పక్క ఆసుపత్రిలో కాంపౌండరు, ఇంకొకరు బళ్ళో డ్రాయింగు మాస్టారు. ఊరి బాస్కెట్‌బాల్ జట్టు ఓడిన రోజున ఈ ముగ్గురికీ ముద్ద దిగదు. అంటే ఈ మధ్య ముగ్గురూ బాగా చిక్కిపోయారు.

జట్టులో ఒక్క చోటే ఖాళీ ఉంది. ముసలి కెప్టెన్‌ని ఇంకో ఏడాది ఉంచుకోవాలా, కిందటేడు వచ్చిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి మూడేళ్ళ ఒప్పందం రాసివ్వాలా? రేపటితో గడువు అయిపోతుంది.

“కెప్టెన్ మోకాళ్ళకి కట్టు కట్టేది నేనే మాస్టారూ. ఆసుపత్రి మెట్లెక్కడానికే రొప్పుతున్నాడు. ఇంక ఏం ఎగురుతాడు?” అన్నాడు కాంపౌండరు.

“ఎగరక్కర్లేదయ్యా, నిలబడితే చాలు. ఆయన్ని చూసి అవతలివాళ్ళే పక్కకి తప్పుకుంటారు” అన్నారు డ్రాయింగు మాస్టారు.

“తప్పుకునేది గౌరవంతో కాదండీ, మీద పడతాడేమోనని!”

“కెప్టెన్‌ని ఉంచుకోండి, ఊరేగించండి, నాకనవసరం” అన్నాడు మెకానిక్. “కుర్రాణ్ణి మాత్రం పంపించెయ్యాలి. ఉత్తరాన ఆ చివర జట్టేదో అడుగుతోందిగా, అక్కడికి పంపాలి. ఎంత దూరమైతే అంత మంచిది.”

కాంపౌండరు నోరు తెరుచుకుని చూశాడు. కిందటేడు కుర్రాడు వచ్చినప్పుడు, మన జట్టు దశ తిరిగిందని ఊరంతా చాటింది ఈయనే.

“అంత మోజు ఏమైపోయిందండీ? మంచివాడు కదా పాపం! ఎదురైతే బాబాయ్ గారూ అంటూ నోరారా పలకరిస్తాడు.”

“మంచివాడే! వచ్చిన చిక్కల్లా అదే. గట్టిగా ఒక మాట అందామన్నా నోరు రాదు.”

మెకానిక్ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. నెలరోజులుగా ఇదే తంతు. జట్టు మీద దిగులుతో నిద్ర పట్టడం లేదని కాంపౌండరే చుక్కలమందు తెచ్చిచ్చాడు. ఆటంటేనే గిట్టని ఆయన భార్య కూడా కుర్రాడి ఒప్పందం సంగతి రోజూ అడుగుతోందని తెలిసి, ఇంటిల్లిపాదికీ ఇంత అభిమానమా అని మాస్టారు మురిసిపోయారు.

అంతలో బాగుచెయ్యమని ఇచ్చిన వాచీ కోసం సాక్షాత్తూ జట్టు మేనేజరే లోపలికి వచ్చాడు. ముగ్గురూ లేచి నిలబడ్డారు.

“కూర్చోండి, కూర్చోండి. రేపు సంతకాలు. నాకైతే కుర్రాణ్ణి పంపేద్దామనే ఉంది. అభిమానులు మీరేమంటారు?”

మెకానిక్‌కి ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ ఊరుకుంటే ఆయన ఎలా అవుతాడు!

“మంచిపని చేస్తున్నారు సార్! వాడి ఎడమచెయ్యి ఉత్తిదే. కుడిచేత్తో పద్దెనిమిదిసార్లు బంతి కొడితే ఎడమచేత్తో కొట్టేది రెండుసార్లు. ఆ రెండోది కూడా తడబడుతుంది.”

మేనేజరు తెల్లబోయాడు. “మా కోచ్ కూడా ఇంత కనిపెట్టలేదే! ఎప్పుడు చూశారు?”

“చూడ్డమెందుకు సార్? చప్పుడు విని ఏ చక్రంలో పన్ను అరిగిందో చెప్పేవాణ్ణి. తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలుపెడితే ఆరున్నరదాకా అదే తప్పు. వాన పడ్డ రోజున ఇంకో గంట ఎక్కువ. ఇంత చేసినా దారికి రాలేదంటే ఆ చెయ్యి ఇక రాదు!”

మేనేజరు చేతిలోకి తీసుకున్న వాచీని మళ్ళీ బల్లమీద పెట్టేశాడు. “రోజూ చేస్తాడా?”

“రోజూ సార్! ఒక్కపూట మానితే ఒట్టు!”

“ఆదివారం?”

“ఆదివారమైతే మరీనూ!”

“అయ్యయ్యో! వాడు ఒళ్ళు వంచడు, సాధన చెయ్యడు అని కోచ్ చెప్పబట్టే కదా పంపేద్దామనుకున్నాను!” మేనేజరు మెకానిక్ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. “ఎంత పొరపాటు జరగబోయిందండీ! చెయ్యిదేముంది, దిద్దుకోవచ్చు. బద్ధకాన్ని ఎవడు దిద్దగలడు? మూడేళ్ళు కాదు, ఐదేళ్ళు రాస్తాను. రేపటిదాకా కూడా ఆగను. ఇప్పుడే వెళ్ళి సంతకం పెట్టిస్తాను. ఎడమచేతికి రోజూ ఇంకో గంట కేటాయించమని మీ మాటగా చెప్తాను!”

“అది కాదు సార్... గంటెందుకు సార్...” అంటూ మెకానిక్ గుమ్మందాకా పరిగెత్తాడు. మేనేజరు అప్పటికే వీధి మలుపు తిరిగాడు. మరిచిపోయిన వాచీ బల్లమీదే ఉంది.

“కుర్రాడి మీద ప్రేమంతా కడుపులో దాచుకుని, పైకి తిట్టి, చివరికి ఎంత చక్కగా కాపాడారండీ!” అని కాంపౌండరు ఆయన్ని వాటేసుకున్నాడు. మాస్టారు కళ్ళు ఒత్తుకున్నారు.

మెకానిక్ ఆ రోజు కొట్టు పెందలాడే మూసేశాడు. ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే కాచుకుని ఉంది.

“ఏమైంది? పంపేస్తున్నారా?”

“ఐదేళ్ళు.”

“అదేమిటి? మూడేళ్ళని కదా అనుకున్నారు!”

“మూడే. నేను మాట్లాడాక ఐదైంది.”

ఆమె నీరసంగా వెళ్ళి మంచం మీద కూలబడింది. ఆయన చెప్పులైనా విప్పకుండా వెళ్ళి పక్కన కూర్చున్నాడు. జట్టు సంగతిలో ఇక తను నోరు విప్పకూడదని అప్పుడే గట్టిగా నిర్ణయించుకున్నాడు.

సరిగ్గా వాళ్ళ నెత్తిమీద, నెల కిందట అద్దెకి దిగిన పైవాటాలో, కుర్రాడు ఎడమచేత్తో బంతి కొట్టడం మొదలుపెట్టాడు.