డాలు పిడి

"పట్టు దొరికింది! ఇక ఎక్కడికి పోతావయ్యా చలపతీ?"

కంపెనీ ఓనరు పట్టాభి గారు నవ్వుతూ, కర్రగొడ్డలి కొక్కేన్ని చలపతి డాలు అంచుకి తగిలించి లాగారు. డాలుతో పాటు చలపతి కూడా తూలి గడ్డిలో బోర్లా పడ్డాడు. ఇది మూడోసారి.

కమ్మింగ్ ఊరి పార్కులో కంపెనీ పిక్నిక్. కాలేజీలో వైకింగ్ అనే పాతకాలపు యోధుల యుద్ధవిద్య నేర్చుకుంటున్న ఓనరు గారమ్మాయి హంసిక ఈ ఉత్తుత్తి పోరు ఆడిస్తోంది. చుట్టూ స్టాఫంతా ఒకటే చప్పట్లు.

"అంకుల్, షీల్డ్‌ని చేతికి టేప్ ఎందుకు చేశారు?" అంది హంసిక.

"జారిపోతుందేమోనని."

"వైకింగ్స్ అలా కట్టుకోరు అంకుల్. మధ్యలో పిడి ఒక్కటే పట్టుకుంటారు. గొడ్డలి తగులుకుంటే వదిలెయ్యొచ్చు. మీకు ఎవరు కట్టుకోమన్నారు?"

"ఎవరూ అనలేదమ్మా. నేనే కట్టుకున్నా."

తన నోట వచ్చిన మాటకి తనే ఉలిక్కిపడ్డాడు చలపతి. తను పనిచేసిపెడుతున్న క్లయింట్ కంపెనీ, తమ దగ్గరే చేరమంటూ పంపిన ఆఫర్ లెటర్ నెలరోజులుగా మెయిల్‌లో మూలుగుతోంది. ఇక్కడ మానేస్తే పట్టాభి గారి కంపెనీ పెట్టిన గ్రీన్ కార్డ్ దరఖాస్తు మళ్ళీ మొదటికొస్తుందని, ఆరేళ్ళుగా ఎన్ని మాటలు పడుతున్నా ఆయన దగ్గరే పడున్నాడు.

టేప్ పీకేశాడు. "ఇంకోసారి రండి సార్."

గొడ్డలి తగులుకుంది. పట్టాభి గారు బలమంతా పెట్టి లాగారు. చలపతి పిడి వదిలేశాడు. డాలుని గుండెకి హత్తుకుని ఓనరు గారు వెల్లకిలా పడ్డారు.

చలపతి చెయ్యి అందించి లేపుతూ, నెమ్మదిగా అన్నాడు.

"సోమవారం రిజైన్ చేస్తున్నా సార్."

"మరి నీ గ్రీన్ కార్డ్ ఫైలు?"

"డాలుతో పాటు అదీ మీ దగ్గరే ఉంచుకోండి."